పడని పిల్లాడు

మూడు రోజులుగా మార్కులమ్మకి ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదంటే, టీవీలో ఉన్న ఒక పిల్లాడి మీద. వాడికి నెత్తిన హెల్మెట్, కాళ్ళ కింద స్కేట్‌బోర్డు. లైబ్రరీ ముందు పదిహేను మెట్ల పైనుంచి గాల్లోకి ఎగురుతాడు, రెండు గిరికీలు కొడతాడు. వంకరగా దిగనీ, తలకిందులుగా దిగనీ, చివరి క్షణంలో ఎలాగో సర్దుకుని నిలబడి చక్కా పోతాడు. పడడు. పనిగట్టుకుని పడేద్దామన్నా పడడు!

"పడి చావరా నాయనా, ఒక్కసారి పడి చావు!" అని ఆవిడ అరిచిన అరుపుకి పక్క ఫ్లాటు వాళ్ళు కిటికీ మూసుకున్నారు.

మార్కులమ్మ అన్నది ఆఫీసులో వాళ్ళు తగిలించిన పేరు. పత్రికలో వీడియో గేముల మీద పన్నెండేళ్ళుగా ఆవిడదో కాలమ్ వస్తోంది. ప్రతి ఆటకీ పదికి ఇన్నని మార్కులేస్తుంది. ఆ కాలమ్ మొదలైందే 'గచ్చు' అనే స్కేట్‌బోర్డు ఆట మొదటి భాగంతో. "వీడు పడితే ఆడేవాళ్ళే కాదు, పక్కన కూర్చుని చూసేవాళ్ళు కూడా అబ్బా అంటారు" అని రాసింది అప్పుడు. ఆ మాట పట్టుకుని ఇప్పటికీ పాఠకులు ఉత్తరాలు రాస్తుంటారు. తరవాత వచ్చిన ప్రతి గచ్చునీ ఆవిడ ఆ అబ్బాతోనే కొలిచింది, మూడూ నెగ్గాయి. ఆరేళ్ళు ఊరించి ఇప్పుడు ఐదోది వచ్చింది. కళ్ళు చెదిరే వీధులూ, అద్దాల మేడలూ, వానకి తడిసిన రోడ్లూ అన్నీ ఉన్నాయి. పడటం ఒక్కటే లేదు. పడనివాడు నిలబడితే ఏమిటి గొప్ప?

ఇంతకీ ఆవిడకి కోపంతో పాటు భయం కూడా ఉంది. పోయిన నెల ఓ కార్ల ఆట గురించి రాస్తూ, ఇద్దరు కలిసి ఆడే వీలు లేదని ఏకిపారేసింది. తీరా చూస్తే ఉంది. సెట్టింగుల్లో మూడో పేజీలో ఉంది. పత్రికలో సవరణ వేసుకోవాల్సి వచ్చింది. ఎడిటర్ పిలిచి, "ఇంకొక్క సవరణ వేశామంటే కాలమ్ ఎత్తేస్తానమ్మా. ఆ జాగా గళ్ళనుడికట్టుకి ఇవ్వమని జనం నా ప్రాణం తీస్తున్నారు" అన్నాడు. పన్నెండేళ్ళ కాలమ్‌ని గళ్ళనుడికట్టు మింగేస్తుందనేసరికి ఆవిడకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

పోనీ, ఆ దెబ్బతోనైనా సెట్టింగులు చూడటం నేర్చుకుందా అంటే, లేదు! గచ్చు దగ్గర ఆవిడకి అది నామోషీ. నాలుగు భాగాలు నమిలి మింగిన మనిషిని, నాకు ఒకడు నేర్పడమేమిటని మొదట్లో వచ్చే పేజీలన్నీ చదవకుండా టకటకా నొక్కేసి ఆటలోని వీధిలోకి వెళ్ళిపోతుంది.

ఆ మూడో రోజు మధ్యాహ్నం మూడింటికి సమీక్ష పంపేసింది. పదికి నాలుగు. "పడటం మరిచిపోయిన ఈ ఆటకి గచ్చు అని పేరెందుకు, పరుపు అని పెట్టుకోవాల్సింది" అని ముగించింది. కాస్త కసి తీరింది. లాప్‌టాప్ మూసి, కిటికీ పక్క కుర్చీలో ఉన్న అత్తగారి వైపు తిరిగింది.

అత్తగారు ముప్పై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను మీద పనిచేసిన మనిషి. కాలరు కుట్టడంలో ఆవిడ వేళ్ళ వేగాన్ని సూపర్‌వైజర్లు కొత్తవాళ్ళకి చూపించేవాళ్ళట. అలాంటి మనిషి నాలుగు నెలల కిందట బాత్రూం గుమ్మంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, ఎముక అతుక్కుంది, ఇంక వాకర్ వదిలేసి నడవమని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. వదిలితేగా! కుర్చీలోంచి మంచం మీదికి పోవాలన్నా ఆ నాలుగు కాళ్ళ ఇనప చట్రం పట్టుకునే పోతుంది. కొడుకు బతిమాలాడు, కోడలు కసిరింది, ఫిజియో అమ్మాయి విసిగి రావడం మానేసింది. "మీరు పడ్డారా? నేను పడ్డాను" అంటుంది అత్తగారు. ఇంక ఎవరేం మాట్లాడతారు?

"చూడండత్తయ్యా, ఆ దరిద్రప్పిల్లాడు మూడు రోజుల్లో ఒక్కసారి పడలేదు. నాలుగు మార్కులిచ్చి పంపేశాను, పీడా పోయింది" అంది మార్కులమ్మ.

అత్తగారి మొహం విచ్చుకుంది. "ఎలా పడతాడే అమ్మాయ్? నేనే కదా ఆపింది!"

"ఏమిటి ఆపింది?"

"పడటం."

"మీరా? ఎప్పుడు? ఎలా?"

"మొన్న నువ్వు ఆట తెచ్చిపెట్టి, ఆడకుండానే ఆఫీసుకి వెళ్ళావుగా. ఏమీ తోచక ఆ మీటలు పట్టుకున్నాను. వెధవ, మెట్ల మీంచి పడితే మోకాలు పట్టుకుని దొర్లాడే! నాకు చూడబుద్ధి కాలేదు. అన్నీ వెతికాను. ఒకచోట 'సాయం కావాలా' అని ఉంది. కావాలని నొక్కాను. అప్పట్నుంచి బంగారంలా తిరుగుతున్నాడు."

"నాతో చెప్పొద్దూ?"

"టీవీలో ఆ మూల పచ్చ చుక్క వెలుగుతోందిగా, నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. ఈ ఆటల్లో నువ్వేగా పండితురాలివి!"

పచ్చ చుక్క! దాన్ని ఆవిడ మూడు రోజులూ చూసింది. అలంకారం కాబోలనుకుంది. నెత్తీ నోరూ కొట్టుకుందామన్నా టైము లేదు. అత్తగారిని అందామంటే, ఆవిడ చదివిన పేజీలు తను చదవలేదు. ఆ సంగతే మరీ మండించింది.

ఫోన్ తీసి ఎడిటర్‌కి చేసింది. "సార్, ఆ సమీక్ష ఆపండి. తప్పు. మొత్తం తప్పు."

"మేడమ్, మళ్ళీ సెట్టింగులేనా?"

"సెట్టింగులే సార్."

"మీకు దణ్ణం పెడతాను. పేజీ ఐదింటికి ప్రెస్సుకి పోతుంది. అప్పటికి సరైంది వస్తే సరే. లేకపోతే గళ్ళనుడికట్టు రెడీగా ఉంది, ఇవాళ్టి నుంచే వేసుకుంటాను."

గడియారంలో మూడూ ఇరవై ఐదు. మార్కులమ్మ సాయం తీసేసింది, పచ్చ చుక్క పోయింది. పిల్లాణ్ణి మెట్ల పైకి తీసుకెళ్ళి ఎగరేసింది.

పడ్డాడు. అదేమన్నా పడటమా! బోర్డు ఒకవైపు, వాడొకవైపు, భుజం గచ్చుకి రాసుకుంటూ పోయిన చప్పుడుకి మార్కులమ్మకే పళ్ళు జివ్వుమన్నాయి.

"అయ్యయ్యో!" అంది అత్తగారు. "ఎందుకే తీసేశావు?"

"మీరు మాట్లాడకండి అత్తయ్యా, నా కాలమ్ పోయేట్టుంది."

రెండోసారి పడ్డాడు. పదోసారీ పడ్డాడు. పడ్డ ప్రతిసారీ వాడు లేచే తీరు వేరుగా ఉంది. ఓసారి మోచెయ్యి ఊదుకుంటూ లేస్తాడు, ఓసారి బోర్డుని కాలితో తన్ని లేస్తాడు. ఏ వేలు ఎంత ఆలస్యమైందో పడ్డ తీరే చెప్పేస్తోంది. ఇదే కదా గచ్చు! ఇన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉంటే, తను పరుపని రాసి పంపింది. సిగ్గూ కోపమూ సంతోషమూ అన్నీ ఒకేసారి ముంచుకొచ్చి, వేళ్ళు ఇంకా తప్పాయి. మెట్లు మాత్రం దాటలేదు. ఒక్కసారి దాటితే లేచి రాద్దామనుకుంది.

నాలుగూ పాతిక. ముప్పై ఆరోసారి. రెండు గిరికీలూ కుదిరాయి, బోర్డు కాళ్ళ కిందికి వచ్చింది, చక్రాలు నేలని తాకాయి. "దాటాడు!" అని ఆవిడ సగం లేచింది. వెనక చక్రం జారింది. పిల్లాడు ఎగిరి ఇనప కడ్డీకి నడుము కొట్టుకుని కిందపడి, తుంటి పట్టుకుని ముడుచుకుపోయాడు.

"అబ్బా! చాలించవే, పిల్లాణ్ణి చంపేస్తున్నావు!"

టీవీ టప్పున ఆరిపోయింది.

"అత్తయ్యా! కొంప ముంచారు! ఇంకో అరగంటలో..." అని అరవబోయిన మార్కులమ్మ ఆగిపోయింది. అత్తగారు టీవీ పక్కన నిలబడి ఉంది, చేతిలో పీకిన ప్లగ్గుతో. కుర్చీ హాలుకి ఆ చివర ఉంది. కుర్చీ పక్కనే, పెట్టింది పెట్టినట్టు, వాకర్ ఉంది.

అది అత్తగారింకా చూసుకోలేదు. ఆవిడ కోపం ఆవిడది.

మార్కులమ్మ నోరు మూసుకుంది. పన్నెండేళ్ళలో ఏ ఆట ముందూ అంత కష్టపడి నోరు మూసుకోలేదు. మెల్లిగా అంది: "వాడు లేచేవాడే అత్తయ్యా. మీరే లేవనివ్వలేదు."

"లేచేవాడా?"

"ముప్పై ఐదుసార్లు లేచాడు. మీరు కళ్ళు మూసుకున్నారు."

అత్తగారు ప్లగ్గు వంక చూసింది, ఆరిన టీవీ వంక చూసింది. గొణుక్కుంటూ వంగి ప్లగ్గు మళ్ళీ పెట్టింది. వంగి లేచేటప్పుడు చెయ్యి అలవాటుగా పక్కకి పోయింది, అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. అప్పుడు చూసుకుంది. హాలు ఆ చివరన ఉన్న వాకర్‌ని చూసింది, తన కాళ్ళని చూసింది. మొహం తెల్లబోయింది.

"తెచ్చివ్వనా?" అని అడిగింది కోడలు.

టీవీ వెలిగింది. పిల్లాడు మళ్ళీ మెట్ల పైన, ఒక కాలు బోర్డు మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"వద్దులే," అంది. "నువ్వు నీ రాతకోతలు చూసుకో. ఆ మీటలు ఇలా తే, నేను దూకిస్తాను."

"సాయం పెట్టనా?"

"పెట్టావంటే ఊరుకోను!"

నాలుగూ యాభై ఎనిమిదికి సమీక్ష వెళ్ళింది. మొదటి వాక్యంలోనే తన తప్పు ఒప్పుకుంది మార్కులమ్మ, ఎడిటర్ వేరే సవరణ వేసే పని లేకుండా. కింద పదికి తొమ్మిది వేసింది. ఫోన్ మోగింది.

"నాలుగు తొమ్మిదెలా అయిందమ్మా? మీ 'అబ్బా' పరీక్ష పెట్టారా లేదా?"

"పెట్టాను సార్," అంది ఆవిడ, టీవీ వైపు చూస్తూ. అక్కడ అత్తగారు పిల్లాణ్ణి పదకొండోసారి పడేసి, "లేరా వెధవా, లే!" అని కసురుతోంది, నిలబడే.