బటన్ మీద బొటనవేలు

ఈశ్వరి ఎక్కడ తప్పు చేసిందో ఆ చిన్న బోర్డుకే తెలియాలి. వారం రోజులుగా దాంతో కుస్తీ పడుతోంది, అది మాత్రం లొంగడం లేదు.

పక్షవాతంతో నాన్న కామరాజుకి మాట పడిపోయి మూడు నెలలైంది. ఒళ్ళు మొత్తంలో ఆయన చెప్పినట్టు వినేది కుడిచేతి బొటనవేలు ఒక్కటే. తల్లి లేని ఇల్లు. ఆటోనగర్‌లో ప్యానెల్ బోర్డులు బిగించే ఉద్యోగం మానేసి, ఈశ్వరి జాలారిపేటలో నాన్న మంచం పక్కనే ఉండిపోయింది. తను వంటింట్లో ఉంటే ఆయనకేం కావాలో తెలిసే దారి లేదు. అందుకని చిప్ ఉన్న ఒక చిన్న బోర్డు తెచ్చి, ప్రోగ్రాం రాసి, ఆయన చేతి కింద బటన్, వంటింట్లో ఎర్ర లైటు పెట్టింది. ఒకసారి నొక్కితే లైటు ఒకసారి మిణుక్కుమంటుంది, మంచినీళ్ళని అర్థం. రెండుసార్లయితే పక్కకి తిప్పాలి. మూడైతే బెడ్‌పాన్.

మొదటి రోజు లైటు ఒక్కసారి మిణుక్కుమంది. గ్లాసు పట్టుకుని పరిగెత్తింది. ఆయన తాగాడు. ఆ రోజు ఆమె సంబరం ఇంతా అంతా కాదు.

రెండో రోజు నుంచి మొదలైంది తంటా. వెలిగిన లైటు నిమిషమైనా, రెండు నిమిషాలైనా ఆరదు. పరిగెత్తుకెళ్తే ఆయనకి నీళ్ళూ వద్దు, పక్కకి తిప్పడమూ వద్దు. కళ్ళు మాత్రం ఆమెనే చూస్తుంటాయి. బటన్ ఇరుక్కుపోతోందనుకుని కొత్తది వేసింది. వైర్లు మళ్ళీ సోల్డర్ చేసింది. ఆయన వేలు వణికినా నొక్కుల లెక్క తప్పకుండా ప్రోగ్రాం తిరగరాసింది. ఫస్టుక్లాసులో డిప్లొమా పాసైన మనిషి, ఒక్క లైటు ఆర్పలేక కూర్చుని ఏడ్చింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మేనమామ దుర్గారావు చేపలు తెచ్చాడు. నాన్నతో పాటు పాతికేళ్ళు సముద్రం మీద చేపల వేటకెళ్ళినవాడు.

"మావయ్యా, ఇదేటో పాడైపోనాది. ఆరట్లేదు సూడు."

దుర్గారావు లైటుని చూశాడు. గుమ్మంలోంచి మంచాన్ని చూశాడు. చేతిలో సంచి కింద పెట్టేశాడు.

"పాడవలేదమ్మా. బావే ఒత్తి పట్టుకున్నాడు."

"ఎందుకు?"

"ఇంజను సచ్చిపోయిన బోటుకి తాడేసి ఇంకో బోటు లాక్కొత్తాది గదా. తుపాను గాలిలో ఎనకోడు లైటు ఆర్పకుండా పట్టుకున్నాడంటే, తాడు కోసెయ్యమని. నన్ను లాగితే నువ్వూ మునిగిపోతావు, నువ్వెల్లిపో అని."

ఈశ్వరి స్టవ్ గట్టు పట్టుకుంది.

"ఓపాలి నాను బావకి అలాగే ఎలిగించినాను," అన్నాడు దుర్గారావు.

"మరి నాన్న ఏటి సేసినాడు?"

"సూడనట్టు మొకం తిప్పేసుకున్నాడు. ఒడ్డుకొచ్చేదాకా ఎనక్కి సూడనేదు."

మావయ్య వెళ్ళిపోయాక, "కొయ్యను నాన్నా" అందామని మంచం దాకా వెళ్ళింది. ఆ కళ్ళు చూసి తిరిగొచ్చింది. ఇక ఆమెకి చేతనైంది ఒక్కటే. లాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాంలో రెండు లైన్లు చేర్చింది. బటన్ ఎంతసేపు నొక్కి పట్టినా సరే, మూడు సెకన్లకి లైటు ఆరిపోవాలి.

సాయంత్రం చారుకి పోపు వేస్తుంటే లైటు వెలిగింది. ఒకటి, రెండు, మూడు సెకన్లు. ఆరిపోయింది. వారం రోజుల్లో మొదటిసారి తను రాసింది రాసినట్టు పనిచేసింది.

తొంగి చూసింది. నాన్న బొటనవేలు ఇంకా బటన్ని నొక్కే ఉంది.