భూతద్దం ముందు విస్తరి

రాజేశం పోయిన మూడో దినం, ఎల్లారెడ్డిలోని ఇంటి పెరట్లో, కాకి వచ్చి ముట్టాలని పిట్టకు పెట్టారు. మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, పక్కన ముంతలో కల్లు. అతనికి ఇష్టమైనవి తలా ఒకటి తెచ్చి పెడుతుంటే, తల్లి భూదవ్వ లోపలికి వెళ్ళి అతని భూతద్దం తెచ్చింది. తాసీలు కచ్చేరిలో ఊళ్ళ నక్షాలు గీసే కొడుకు చేతిలో ఎప్పుడూ అదే ఉండేది. కింద పెడితే మన్ను అంటుతుందని, చిన్న చెంబులో ఇసుక పోసి, దాని కాడను అందులో గుచ్చింది. అద్దాన్ని విస్తరి వైపు తిప్పి నిలబెట్టింది.

అందరూ కొట్టం నీడకు జరిగారు. రాజేశం భార్య గంగమణి పెరటి గడపలో కూర్చుంది, పక్కన కూతురు కమల. ఈ మూడు దినాల్లో గంగమణికి ఏడుపు రాలేదు. ఎవరైనా మెడ పట్టుకుని ఏడిస్తే వాళ్ళ వీపు నిమిరింది. చేతులకు గాజులు ఇంకా ఉన్నాయి. వాటిని ఎప్పుడు తీయాలో ఆడవాళ్ళు పక్కనే మాట్లాడుకుంటుంటే, వేరే ఇంటి సంగతి విన్నట్టు విన్నది.

పిట్ట వెంటనే ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. ఇంటివాళ్ళు ఒక్కో మాట ఇస్తూ పోతారు. ఏ మాట మీద పిట్ట ముడితే అదే అతని కోరిక. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ దాటరు.

కాకి గోడ మీద వాలింది. కిందికి దూకి విస్తరి దాకా వచ్చింది. తల పక్కకు తిప్పి చూసి వెనక్కి ఎగిరింది.

"బతికున్ననాడు పిలవంగనే అన్నానికి లేచిండా, ఇప్పుడు లేచెటందుకు?" అంది పొరుగింటి నర్సవ్వ. ఎవరో నవ్వబోయి ఆగారు.

రాజేశం అన్న భూమయ్య తలపాగ తీసి చంకలో పెట్టుకుని ముందుకు వచ్చాడు. "తమ్మీ, అవ్వను మంచిగ సూస్కుంట. రంది పెట్టుకోకు."

కాకి కదలలేదు.

"నీ పెండ్లాన్ని ఈ ఇంట్లకెళ్ళి కదిలియ్యం."

కాకి వచ్చింది. మళ్ళీ అదే చోట ఆగి, రెక్కలు విదిలించి ఎగిరిపోయింది.

భూమయ్య గొంతు సవరించుకున్నాడు. "కమలకు ఇగ బడి వద్దు. బీబీపేటల నా బామ్మర్ది కొడుకున్నడు. ఈ మాఘంల లగ్గం చేస్త. నీ బిడ్డ బరువు నాది."

గంగమణి తల ఎత్తింది. కమలను కామారెడ్డిలో, గంగమణి చెల్లెలు శాంతవ్వ ఇంట్లో ఉంచి చదివించాలని రాజేశం అనుకున్నాడు. అక్కడి బడిలో మాట్లాడి వచ్చాడు కూడా. జ్వరం రాకుంటే ఈపాటికి తనే దిగబెట్టేవాడు. ఇప్పుడు పిట్ట ముట్టిందంటే ఆ చదువు అయిపోయినట్టే.

కాకి మళ్ళీ విస్తరి దగ్గరికి నడిచింది. గంగమణి దాన్నే చూస్తూ ఉంది. అది వంగబోయిన చోట, ఆకు మీద, కందిగింజంత తెల్లటి వెలుగు చుక్క ఉంది. చుట్టూ ఆకు మాడి నల్లబడుతున్నది. కాకి ఆ చుక్కకే బెదిరి వెనక్కి గెంతింది.

ఆ చుక్క గంగమణికి తెలుసు. ఎండాకాలంలో ఒకనాడు రాజేశం యుద్ధం వార్తలున్న ఉర్దూ పత్రిక మీద అద్దం పెట్టి కమలకు చూపించాడు. చీమ తలంత అక్షరం పెసరగింజంత కనబడింది. అద్దాన్ని పైకి లేపుతుంటే ఇంకా పెరిగింది, తర్వాత అలుక్కుపోయింది.

"జానెడు లోపల పెడితే పెద్దగ చూపుతది, బిడ్డా. జానెడు దాటించి దూరంకెళ్ళి చూస్తే తలకిందులు. ఎక్కడినుంచో వచ్చే ఎండంత గూడ జానెడు కాడ ఒక్కచోట చేరుతది," అన్నాడు.

చీకటి గదిలో గోడకు ఎదురుగా అద్దం పట్టుకుంటే, బయటి వాకిలి అరచేయంతై, తలకిందులై గోడ మీద పడింది. వాకిట్లో బియ్యం చెరుగుతున్న గంగమణి కూడా అందులో ఉంది. కమల నవ్వు ఆపుకోలేక, "అవ్వ తలకిందులైంది బాపూ," అంది. "అయినా చేటలకెళ్ళి గింజ రాలలే సూడు," అన్నాడు అతను.

ఇప్పుడు అద్దానికీ ఆకుకూ మధ్య జానెడుంది. పొద్దు పైకెక్కుతున్న కొద్దీ చుక్క చెంబు వైపు జరుగుతున్నది. అప్పటికే ఆకు అంచుకు వచ్చింది. అది మట్టి మీదికి దిగితే కాకి తింటుంది. అప్పటికి ఎవరి మాట ఆఖరుదైతే ఆ మాటే నిలుస్తుంది.

గంగమణి లేచింది. "నేనొక మాట చెప్పాలె."

"నువ్వేంది? ఇంటికి పెద్దోన్ని నేను చెప్పిన గద," అన్నాడు భూమయ్య.

"నీ మాట మీద ముట్టిందారా? దాన్ని చెప్పనియ్యి," అంది భూదవ్వ.

గంగమణి విస్తరి దగ్గర వంగి, చెంబులోంచి అద్దం తీసి కొంగులో చుట్టుకుంది. చుక్క పోయింది.

"దాన్నెందుకు తీస్తవే?" అంది అత్త.

"కమలకు ఇస్తనన్నడు."

అది నిజమే. తర్వాత విస్తరి వైపు తిరిగి, గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది. "పిల్లను కామారెడ్డి బడికి పంపుత. నువ్వు అనుకున్నట్టే."

ఆమె గడప దాకా వచ్చేలోపే కాకి దిగింది. ఈసారి తల తిప్పి చూడలేదు. కూర ముక్క ముక్కున కరుచుకుంది. వెనకనే ఇంకోటి దిగింది.

"వచ్చిండు నా కొడుకు," అంటూ భూదవ్వ నేల మీద కూలబడి ఏడ్చింది. నర్సవ్వ కళ్ళు తుడుచుకుంది. భూమయ్య తలపాగ విదిలించి చుట్టుకున్నాడు.

"దినాలు అయిపోంగనే బండి కట్టిస్త," అన్నాడు ఎవరి ముఖమూ చూడకుండా.

వాళ్ళందరి దగ్గరికీ రాజేశం వచ్చి వెళ్ళాడు. గంగమణి చూసింది కాకినే. చుక్క ఉంటే బెదిరింది, చుక్క పోతే తిన్నది. ఆమె కూడా ఏడవాలని చూసింది. రాలేదు.

కమల ఆమె కొంగు పట్టుకుంది. "అవ్వా, బాపు వచ్చిండా?"

గంగమణి కొంగు విప్పి అద్దం ఆమె చేతిలో పెట్టింది. ఇత్తడి అంచు ఇంకా వెచ్చగా ఉంది.

"పిట్ట ముట్టింది," అంది. "పోయి నీ బట్టలు తీసి పెట్టు."