కుంచె కడిగిన గ్లాసు

నేను ఒక గాజు గ్లాసును. ఒంటినిండా నిలువు గీతలుండి, పట్టుకుంటే వేళ్ళు కాలే రకాన్ని. హత్యకో దోపిడీకో సాక్షినయ్యే అదృష్టం నాకు పట్టలేదు. కానీ కొవ్వూరులో ఒక రంగు పుట్టినప్పుడు మాత్రం పక్కనే ఉన్నాను. ఆ రంగు ఎలా పుట్టిందో పుట్టించినవాడికే తెలియదు. తెలిసిన నాకేమో నోరు లేదు. ఉన్నదంతా అంచే.

ఎక్కడో ఉత్తరాదిన ఒక కొలిమిలో పగిలిన సీసాలు కరిగించి నన్ను పోశారు. కాబట్టి నాకు పూర్వజన్మలు చాలా ఉన్నాయి. ఒక వైపు నుంచి నేను దగ్గు మందు వంశం, ఇంకో వైపు నుంచి అత్తరు వంశం. గడ్డిలో చుట్టి, లారీ ఎక్కించి, గోదావరి ఒడ్డున రేవు వీధిలో బుల్లెబ్బాయి టీ కొట్టుకి చేర్చారు.

బుల్లెబ్బాయి పొద్దుట పెట్టిన డికాషన్‌ని సాయంత్రం దాకా మరిగిస్తూనే ఉంటాడు. అల్లం దంచి వేస్తాడు. చిక్కటి పాలు పోస్తాడు. పంచదార విషయంలో అతనిది కర్ణుడి చెయ్యి. ఆ టీ తాగినవాళ్ళు కాసేపు మాట్లాడరు. తర్వాత ఇక ఆగరు.

కొట్టుకి ఎదురుగా ‘లోవరాజు ఆర్ట్స్’ ఉంది. ఒకప్పుడు ఆ ఊళ్ళో లోవరాజు అక్షరం లేని గోడ లేదు. సిమెంటు, పళ్ళపొడి, ఎరువులు, ఎన్నికలు, ‘ఇచ్చట చెత్త వేయరాదు’, అన్నీ అతనివే. తాడు కట్టుకుని మేడ మీద నుంచి వేలాడుతూ కూడా ‘శ్రీ’ గుండ్రంగా రాసేవాడు. ఆ తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. లోవరాజు వారం కష్టపడి రాసేది, ఒక మిషను అతను టీ తాగేలోగా ఉమ్మేసేది. గోడలు పోయాయి. అతను కాగితం మీదకి దిగి నీటిరంగుల బొమ్మలు మొదలుపెట్టాడు. బొమ్మలు బాగుండేవి. కానీ వీధిలో ఖాళీ గోడ కనిపిస్తే పాపం, అరచెయ్యి చొక్కాకి రుద్దుకుని ముందుకు సాగేవాడు.

నేను అతని చేతికి చిక్కింది ఇలా. ఒకసారి టీ తాగేసి, ఆలోచనలో ఉండి, నీలం అంటిన కుంచెని నాలో ముంచాడు. ఖాళీ గ్లాసు కోసం వచ్చిన బుల్లెబ్బాయి నన్ను వెలుతురుకి ఎత్తి చూశాడు.

“దీన్ని నువ్వే ఉంచుకో బావా. దీన్లో టీ పోస్తే తాగినోడు శివుడైపోతాడు.”

ఆ రోజు నుంచి నేను కుంచె కడిగే గ్లాసునయ్యాను. నాలో ఉన్నవి మురికినీళ్ళే అయినా రోజుకో రంగు. పొద్దున్నే పసుపు, మధ్యాహ్నానికి పచ్చ, సాయంత్రానికి ఏమిటో చెప్పలేనిది. నా పక్కనే రోజూ బుల్లెబ్బాయి కొట్టు నుంచి నా తోడబుట్టిన గ్లాసొకటి టీతో వచ్చి కూర్చునేది. ఇద్దరం ఒక్క అచ్చులో పోసినట్టుంటాం. నిజంగానే ఒక్క అచ్చులో పోశారు.

ఇక్కడ లోవరాజు నియమం ఒకటి చెప్పాలి. నీటిరంగుల్లో అతను తెలుపు ముట్టడు. కాగితం తెలుపే తెలుపంటాడు. తెల్లరంగు డబ్బా తీసేవాడు చిత్రకారుడు కాడు, సున్నం వేసేవాడని అతని సిద్ధాంతం. ఈ మాట ఊళ్ళో చిత్రకారులందరి ముందూ అనేవాడు. కుంచె మిత్రుల సంఘం అధ్యక్షురాలు రత్నమాణిక్యం గారి ముందైతే కొంచెం గట్టిగా అనేవాడు, ఎందుకంటే ఆవిడ తెలుపు ధారాళంగా వాడుతుంది.

ఆషాఢంలో ఒకరోజు గోదావరికి ఎర్రనీరు వచ్చింది. లోవరాజు గట్టు మీద నిలబడి తడిసి ముద్దై వచ్చాడు. తల తుడుచుకోకుండానే కాగితం పరిచాడు. వరదనీటి రంగు కుదరడం లేదు. మట్టిరంగు కలిపితే ఇటుకలా వస్తోంది, పసుపు వేస్తే పప్పులా వస్తోంది. కళ్ళు కాగితం మీద, మనసు గట్టు మీద. కుంచె కడగడానికి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి నన్ను దాటి పక్కకి పోయింది.

కుంచె టీలో మునిగింది.

తీశాడు, కాగితం మీద లాగాడు. లాగినంత మేరా గోదావరి వచ్చింది. అచ్చంగా అదే నీరు. ఎండ పడినా అడుగు కనిపించని, బరువైన, కొత్తనీరు. లోవరాజు ఊపిరి బిగబట్టి మళ్ళీ అక్కడే ముంచాడు, మళ్ళీ లాగాడు. బొమ్మ పూర్తయ్యాక తృప్తిగా వెనక్కి వాలి, గ్లాసు అందుకుని గటగటా తాగాడు. ఆ గ్లాసు నేనే. రుచిలో తేడా తెలియలేదు. అది పూర్తిగా లోవరాజు నాలుక తప్పని నేననను.

ఆ బొమ్మని సంఘం హాల్లో తగిలించారు. చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు. దగ్గరికెళితే కొత్తనీటి మన్నువాసన వస్తోందన్నారు. వచ్చింది అల్లం వాసన.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. రేవు పక్కన కట్టిన పెద్దగోడని పురపాలక సంఘంవాళ్ళు కుంచె మిత్రులకి అప్పగించారు. గోడ నిండా ఒకే బొమ్మ, వరద గోదావరి. ఆ మాట విన్నప్పటి నుంచి లోవరాజుకి అన్నం సయించలేదు. ఆ గోడ తనకి రాకపోతే ఇక ఈ జన్మకి గోడ లేదని బుల్లెబ్బాయితో అన్నాడు. పరాచికానికి అనలేదు.

రత్నమాణిక్యం గారిది బట్టలు కుట్టే కొట్టు. ఏ పనైనా కొలత తీసి గాని మొదలుపెట్టదు. గోడ పెద్దది, సంఘమంతా కలిసి రంగు పూయాలి, అందరి చేతుల్లోనూ ఒకే రంగు రావాలి. కాబట్టి ఆదివారం అందరూ హాల్లో కూర్చుని ఎవరి ప్రేరణ ఏమిటో, ఎవరి పద్ధతి ఏమిటో విప్పి చెప్పాలి, చేసి చూపాలి. వరద రంగు అందరికీ నేర్పగలిగినవాడికే గోడ పెత్తనం. దాచుకునే విద్య గోడకి పనికిరాదని తేల్చేసింది.

శనివారం దాకా లోవరాజు ఆ రంగు కోసం యుద్ధం చేశాడు. రాలేదు. నేను పక్కనే కూర్చుని నా శక్తికొద్దీ తళతళలాడాను. సాక్షి సైగ చేస్తే పట్టించుకునే అలవాటు మనుషులకి లేదు.

ఆదివారం నన్ను సంచీలో వేసుకుని హాలుకి వచ్చాడు. ముందు ఏసుదాసు లేచాడు. అతను ఎప్పుడూ తుపాను సముద్రమే వేస్తాడు. ప్రేరణ ఏమిటని అడిగితే ‘మా ఆవిడ’ అన్నాడు. తడి రంగు మీద కల్లుప్పు చల్లి, ఆరాక దులిపితే నురగలా మచ్చలు ఎలా తేలతాయో చేసి చూపించాడు. ఇంట్లో ఉప్పు అయిపోవడం వల్ల ప్రేరణ మరింత పెరుగుతోందని కూడా చెప్పాడు. తర్వాత రత్నమాణిక్యం గారు పాత పళ్ళబ్రష్షుతో రంగు చిమ్మి వానజల్లు కురిపించింది. ఏ దృశ్యాన్నయినా కళ్ళు సగం మూసి చూస్తే వెలుగేదో నీడేదో విడిపోతాయని చెబితే, హాలు హాలంతా కళ్ళు చికిలించుకుని కూర్చుంది. నిద్ర ముంచుకొచ్చిన గొర్రెలమందలా ఉన్నారు.

లోవరాజు వంతు వచ్చింది. రంగు చేతిలో లేనివాడు మాటలు ఎక్కువ కలుపుతాడు. తెల్లవారుజామున నడుంలోతు నీటిలో నిలబడాలన్నాడు. ఉపవాసం ఉండాలన్నాడు. మూడు పాయల మన్ను తెచ్చి గుడ్డలో వడగట్టాలన్నాడు. ఉపవాసంలో ఇడ్లీ తినొచ్చా అని ఏసుదాసు అడిగాడు. ఒకటి తినొచ్చని లోవరాజు అనుమతించాడు.

“బావుందండి. కలపండి మరి,” అంది రత్నమాణిక్యం గారు.

కలిపాడు. ఇటుక వచ్చింది. కడిగి మళ్ళీ కలిపాడు. బెల్లం పానకం వచ్చింది. మూడోసారి వచ్చినదాన్ని చూసి, ఇది గోదారి కాదండీ, పప్పుచారు అని వెనక నుంచి ఎవరో అన్నారు. లోవరాజు మెడ మీద చెమట కారి నా అంచు మీద పడింది. రత్నమాణిక్యం గారు పోల్చి చూద్దామని గోడకున్న పాత బొమ్మ దగ్గరికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

“లోవరాజు గారూ, మీ గోదారికి చీమలు పట్టాయేంటండీ?”

అందరూ లేచి వెళ్ళారు. నిజమే. గోదావరి పొడవునా చీమలు బారులు తీరి ఉన్నాయి. ఆకాశం మీద ఒక్కటి లేదు, గట్టు మీద ఒక్కటి లేదు.

“ప్రకృతిని ప్రకృతి గుర్తుపడుతుందండి,” అన్నాడు లోవరాజు.

అప్పుడే బుల్లెబ్బాయి అందరికీ టీ పట్టుకొచ్చాడు. బావ ముఖం చూసి, ఒక గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టాడు. తోడబుట్టినవాణ్ణి చూసి నాకు గుండె ఆగింది. గాజుకి గుండె ఉంటుందా అని అడగకండి, కథ ఆగిపోతుంది.

లోవరాజు కాగితం వైపే చూస్తున్నాడు. కుంచె ఎత్తాడు. చెయ్యి గాలిలో ఊగింది. నా వైపు వచ్చింది. నన్ను దాటింది.

మునిగింది. లాగాడు.

గోదావరి వచ్చింది.

హాల్లో ఊపిరి వినిపించలేదు. అందరూ చూశారు, అతను తప్ప. ఆ నిశ్శబ్దం తన ప్రతిభకే అనుకుని లోవరాజు ఛాతీ విరిచాడు. గెలిచినవాడి ధీమాతో చెయ్యి చాపి నన్ను అందుకున్నాడు. ఏసుదాసు అడ్డుకోబోతే రత్నమాణిక్యం గారు అతని మోచెయ్యి పట్టి ఆపింది. లోవరాజు సగం తాగి మూతి తుడుచుకున్నాడు. మూతికి మట్టిరంగు అంటింది.

“అల్లం తగ్గించేసేవేంటి బావా?”

“అది నాది కాదు బావా,” అన్నాడు బుల్లెబ్బాయి. “నీదే.”

లోవరాజు చేతిలో ఉన్న నన్ను చూశాడు. బల్ల మీద గ్లాసుని చూశాడు. కుంచె కొస చూశాడు. చీమల బారు చూశాడు. ఒక్కొక్కటే అతని ముఖంలోకి దిగడం నాకు దగ్గరగా కనిపించింది. అప్పటికైనా బొంకొచ్చు. ఇదేనండి నా రహస్యం అని మొదలుపెట్టాడు కూడా.

“ఊరందరం కలిసి గోడకి టీ పూస్తే,” అంది రత్నమాణిక్యం గారు నెమ్మదిగా, “జిల్లాలో చీమలన్నీ రేవులోనే కాపురం పెడతాయండి. టీ వద్దు. ఆ టీలో మీ రంగుల్లో లేనిదేముందో అది చెప్పండి. చెబితే గోడ మీది.”

లోవరాజు వంగి గ్లాసులోకి చూశాడు.

“డికాషనుందండి. ఆ రంగు నా మట్టిరంగులోనూ ఉంది.”

“ఇంకా?”

“పంచదారండి. అది చీమలకి.”

“ఇంకా?”

అతనికి తెలిసిపోయింది. జీవితకాలం తిట్టినదాని పేరు నలుగురి ముందూ చెప్పడం కంటే నడుంలోతు నీటిలో నిలబడటం సుఖం. ఒక పక్క నియమం, ఒక పక్క గోడ. బుల్లెబ్బాయి టీ పంచడం మానేసి నిలబడిపోయాడు.

“పాలున్నాయండి,” అన్నాడు లోవరాజు చివరికి. “పాలంటే... తెలుపండి. వరదనీళ్ళకి అడుగు కనబడదు కదండీ. తెలుపు పడితేగానీ రంగు అడుగు కప్పదు. ఆ మూడు పాయల మన్నూ, ఉపవాసం, అయ్యి కొట్టేయండి. నాకు తెలీక చెప్పేను.”

ఎవరూ నవ్వలేదు. రత్నమాణిక్యం గారు తన తెల్లరంగు గొట్టం తెచ్చి అతని ముందు పెట్టింది.

“సున్నం వేసేవాళ్ళలోకి రండి,” అంది.

అతను మట్టిరంగులో తెలుపు చుక్క వేసి కలిపాడు. మొదట నమ్మలేదు, ఇంకో చుక్క వేశాడు. ఈసారి చీమలు అక్కర్లేని గోదావరి వచ్చింది. పక్కనున్న ఏసుదాసు కలిపితే అతనికీ వచ్చింది. వెనక నుంచి పప్పుచారన్న ఆయనకి కూడా వచ్చింది. అప్పుడు నవ్వారు.

గోడ పని వానలు తగ్గాక మొదలై చాలాకాలం సాగింది. లోవరాజు తాడు కట్టుకుని పై నుంచి వేలాడుతూ అందరి మీదా అరిచేవాడు. తెలుపు చాల్లేదు, తెలుపు వెయ్యండి అని అతను అరుస్తుంటే కింద రత్నమాణిక్యం గారు విననట్టు పని చేసుకునేది. నన్ను తీగతో అతని నడుముకి కట్టారు. ఆ ఊపులో ఇటుకకి కొట్టుకుని అంచు పెచ్చు లేచింది. ఇక టీకి పనికిరాను, నీళ్ళకీ పనికిరాను. గోడ పూర్తయిన రోజు నన్ను దాని పక్కనున్న చిన్న గూట్లో పెట్టి వెళ్ళారు. మర్చిపోయారో, గౌరవించారో తెలియదు. నేను గౌరవమనే అనుకుంటున్నాను. వయసు మీద పడ్డాక అలా అనుకోవడమే ఆరోగ్యం.

ఇక్కడ కూర్చుంటే అన్నీ కనిపిస్తాయి. స్నానానికి వచ్చినవాళ్ళు నది వైపు వీపు పెట్టి, నది బొమ్మ ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. నిజం నది ఏమీ అనుకోదు.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. మొన్న పొద్దున్న రేవుకి ఎర్రనీరు చేరింది. లోవరాజు, రత్నమాణిక్యం గారు మెట్ల మీద నిలబడి చాలాసేపు చూశారు. అతను కళ్ళు సగం మూశాడు. నీటి వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, మళ్ళీ నీటి వైపు చూసి బాధగా తలాడించాడు.

“ఈ యేడు గోదారికి రంగు కుదర్లేదండి.”

ఆవిడ కూడా ఒకసారి చికిలించి చూసింది.

“ఇవ్వాళే కదండీ వచ్చింది,” అంది. “రెండ్రోజులు చూద్దాం. నేర్చుకుంటాది.”