సుసన్న కుండ

తన చెయ్యి మంచిది కాదేమోనన్న అనుమానం కమలమ్మను మూడేళ్లుగా వదల్లేదు. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు కూడా, రెండు చేతులూ కలిపే ముందు ఒక్క క్షణం కుడిచేతిని చూసుకునేది. ఆ చెయ్యి పేడ ఎత్తుతుంది, అంట్లు తోముతుంది, అత్త మైసమ్మ కాళ్లకు నూనె రాస్తుంది. అన్నిటికీ పనికొచ్చే ఆ చెయ్యి పాలు తోడువెయ్యడానికి మాత్రం పనికిరాదు. "వద్దు పిల్లా, నీ చెయ్యి సంగతి నీకెర్కే గదా" అనేది అత్త. కోపంగా కాదు, కుంటివాణ్ణి జాగ్రత్తగా నడవమన్నట్టు అనేది. ఆ మెత్తదనమే కమలమ్మకు ఎక్కువ నొప్పిగా ఉండేది.

అదంతా చేపల వల్ల వచ్చింది.

అది రజాకార్ల భయం ముదిరిన ఏడు. ఇబ్రహీంపట్నం చెరువు కింది కాలువలో బట్టలుతికేచోట కమలమ్మకు సుసన్నతో స్నేహం కలిసింది. సుసన్నది ఊరి చివర క్రైస్తవుల వాడ. పట్నంలో ఒక మిషన్ బంగళాలో పనిచేసేది. ఆ బంగళా తొట్టిలోని ఎర్రచేపల గురించి ఆమె చెబుతుంటే కమలమ్మ చేతిలో బట్ట చేతిలోనే ఉండిపోయేది. ఒకనాడు సుసన్న నెత్తిన మట్టికుండతో వెనకవాకిట్లోకి వచ్చింది.

"అమ్మగారినడిగి తెచ్చిన అక్కా, నీకోసమే. కుండ నిమ్మళంగ ఇద్దువు, ఫికర్ లేదు."

లోపల చూస్తే, మిరపపండ్లకు ప్రాణం వచ్చి ఈదుతున్నట్టున్నాయి. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ ఇంట్లోకి కమలమ్మ కోసమని వచ్చినవి అవే. ఎద్దులు పోయి ఖాళీగా పడున్న రాతి తొట్టిని రుద్ది కడిగి, నీళ్లు నింపి వాటిని వదిలింది. పని మధ్య పని కల్పించుకుని అటు పోయేది. చేపలు ఆమె వేలికొనలను ముద్దుపెట్టుకునేవి.

ఆ వానాకాలంలోనే చావడం మొదలుపెట్టాయి. ముందు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచేవి. తర్వాత ఒరిగి తిరిగేవి. మర్నాటికి తేలేవి. కమలమ్మ మెతుకులు తగ్గించింది. ఎండకేమోనని తడిక కప్పింది. బావినీళ్లు పడలేదేమోనని కాలువనీళ్లు మోసుకొచ్చి కలిపింది. భర్త పరమేశ్వర్ పొలం నుంచి వస్తూ ఒకసారి తొంగిచూసి, "తిండి ఎక్కువవెట్టి సంపినవ్" అని లోపలికి పోయాడు. ఆమె ఎంత పెట్టిందో అతను ఏనాడూ చూసింది లేదు.

అత్త వేరే ప్రశ్న అడిగింది. "బయటున్నప్పుడు తొట్ల చెయ్యివెట్టినవా?"

పెట్టింది. కొనప్రాణంతో కొట్టుకుంటున్న చేపను తీయడానికి. "అవ్ అత్తా" అంది.

అంతే, తీర్పు అయిపోయింది. మైసమ్మ రోజూ పొద్దున్నే పూజలోని రాగిచెంబు తెచ్చి, తులసి వేసిన తీర్థాన్ని తొట్టిలో కుమ్మరించేది. మైల పోవాలని దండం పెట్టేది. అయినా మిగిలిన చేపలూ పోయాయి. "చూసినవా, ముట్టుదోషం గెంత గట్టిదో" అంది. కోడలి మీద కొంత జాలిపడి, సగం తప్పు కుండ మీదికి నెట్టింది. "ఆ వాడోళ్ల కుండను ఇంట్లకు రానియ్యకపోతుంటి."

అప్పటినుంచి ఆ కుండ కమలమ్మ బయటుండే మూడు రోజులకు నీళ్లకుండ అయింది. ఎవరి గిన్నె అయినా తిరిగిచ్చేటప్పుడు ఉత్తగా ఇవ్వకూడదు. పిడికెడు పెసలో, నాలుగు వంకాయలో వేసి ఇవ్వాలి. ప్రాణాలు తెచ్చిన కుండలో పెసలు వేసి ఎలా ఇచ్చేది? కాలువ దగ్గర సుసన్న కనబడితే కమలమ్మ తల వంచుకునేది. సుసన్న ఏనాడూ కుండ అడగలేదు.

యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు పోయారు. ఊళ్లలో తుపాకులు ఇంకా కొంతకాలం మోగి, అవీ ఆగాయి. కమలమ్మ చెయ్యి మీది తీర్పును మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు.

ఈ ఏడు వానలకు కాలువ నిండింది. బయటున్న నాడు బావి ముట్టకూడదు కనక, కమలమ్మ సుసన్న కుండ తీసుకుని కాలువకు పోయి నీళ్లు తెచ్చుకుంది. కుండ దించితే లోపల తళుక్కుమంది. చిన్న పరకచేప పిల్లలు. వదిలేద్దామని లేచింది, మళ్లీ కూర్చుంది. ఆ మూడు రోజులూ వెనక కొట్టంలో అవే ఆమెకు తోడు. భయపడుతూనే మెతుకు చిదిమి వేసింది. భయపడుతూనే వేలు ముంచింది. అవి వచ్చి వేలికొన కొరికాయి. ఒక్కటీ చావలేదు.

నాలుగోనాడు తలస్నానం చేసింది. ఇక తాను శుద్ధం, వీటికీ శుద్ధమైన చోటు కావాలనుకుంది. పూజచెంబుకు జతైన రాగిచెంబును చింతపండుతో మెరిసేదాకా తోమి, సగం పరకలను ఆ కుండలోని నీళ్లతోనే అందులోకి వంచింది. దేవుడి సామాను, చల్లగా ఉంటాయి అనుకుంది.

దీపాలవేళకు చెంబులోవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొన్ని అప్పటికే చచ్చి తేలాయి. కుండలోవి ఆడుకుంటున్నాయి.

నోళ్లు తెరవడం ఆమెకు తెలుసు. మూడేళ్లు కళ్ల ముందు నుంచి పోనిది అదే. కమలమ్మ గడపలో కూర్చుంది. నీళ్లవే, మెతుకులవే, చెయ్యీ అదే. మైలగా ఉన్నప్పుడు బతికినవి మడి కట్టుకున్నాక ఎందుకు చచ్చాయి? ఒకప్పుడు చేపై పుట్టిన స్వామీ, నీకు రాగి పడదా? అడిగాక లెంపలేసుకుంది. అంతలోనే ఆ ఏడు వానలు గుర్తొచ్చాయి. రజాకార్లు రాగీ ఇత్తడీ వదలట్లేదని విని, ఎవరికీ చెప్పొద్దంటూ అత్త రాగి బిందెలు, గంగాళం తొట్టిలో ముంచి దాచమంది. దేవుడికి వాడేవి మురికిగా వద్దని చింతపండుతో తోమించి మరీ ముంచమంది. తోమింది ఈ చెయ్యే. ముంచింది ఈ చెయ్యే. తర్వాత రెండు దినాలకే మొదటి చేప తేలింది.

"అత్తా, జర ఇట్ల రా."

మైసమ్మ వచ్చి చెంబులోకీ కుండలోకీ చూసింది.

"ఈ పరకలు మూడు దినాలు బయట నాకాడనే ఉన్నయి అత్తా. నా చేతి మెతుకులే తిన్నయి. ఇయ్యాల తానం జేసి వచ్చి సగం రాగిచెంబుల పోసిన. గివి సచ్చినయి, అవి బతికినయి."

"రాగినీళ్లు తీర్థం గదనే!"

"మనకు తీర్థమే. వీటికి కాదేమో. ఆ ఏడు తొట్ల మనం ఏం ముంచినం, యాదికున్నదా?"

మైసమ్మ తొట్టివైపు చూసింది. మెల్లగా కోడలి పక్కన కూర్చుంది.

"పైకెల్లి నేను చెంబులకు చెంబులు పోస్తి" అంది. ఆ తర్వాత ఇంకా చిన్నగా, "నేను కొత్తగ వచ్చినప్పుడు తులసిచెట్టు ఎండింది. మా అత్త గిట్లనే అన్నది. నిజమే గావచ్చనుకున్న పిల్లా, గిన్నేండ్లు."

పరమేశ్వర్ వచ్చి ఇద్దరినీ చూశాడు. "ఏమైందే? పరకల కోసం గింత ఏడుపా?"

"నువ్వు జర సప్పుడు జెయ్యక కాళ్లు కడుక్కో పో" అంది మైసమ్మ.

తెల్లవారి కమలమ్మ కాలువనీళ్లతో కుండ నింపి పరకలతో సహా నెత్తికెత్తుకుంది. ముందు వాకిలివైపు నడిచింది. మైసమ్మ తెల్లబోయి, "ఆ కుండ ఇచ్చేస్తే వచ్చే నెల దేంట్ల తాగుతవే?" అంది.

"ఇంట్ల ఉన్న చెంబుతోనే తాగుత అత్తా. ఇంట్లనే కూసోని."

మైసమ్మ లోపలికి పోయింది. తర్వాత వచ్చి, ఒక మోదుగాకు కుండ మీద కప్పింది. "ఎండకు నీళ్లు కాగుతయి. జల్ది పో."

సుసన్న గుడిసె ముందు ఊడుస్తోంది. కుండను చూడగానే గుర్తుపట్టింది. "ఇయ్యాల యాదికొచ్చిన్నా అక్కా?" అని నవ్వింది. కమలమ్మ కుండ దించి ఆకు తీసింది.

"చెయ్యివెట్టి చూడు."

సుసన్న చెయ్యి పెట్టింది. పక్కనే కమలమ్మ తన కుడిచెయ్యి ముంచింది. పరకలు రెండు చేతుల చుట్టూ తిరిగాయి. సుసన్న కుండను చంకనెత్తుకుంది. ఎన్నాళ్లకో ఆ కుండ, ఉత్తగా కాకుండా, తన ఇంటికి చేరింది.