ఆ మొహం నేను వెయ్యను

నేను ఒక కలర్ జిరాక్స్ మిషన్ని. నకళ్ళు తీసేదానికి నీతేమిటని నవ్వుతారు కాబోలు, నవ్వండి. తీసేది నేనే అయినా తీయమనేది మీరేగా!

ఏదో ఫ్యాక్టరీలో పుట్టి హైదరాబాదులో ఒక ఆఫీసుకు చేరాను. అక్కడ టై కట్టుకున్న పెద్దమనుషులు పుస్తకాలకు పుస్తకాలు నా గాజు మీద బోర్లించేవారు. ప్రతి పుస్తకం మొదట్లోనే 'అనుమతి లేకుండా నకలు తీయరాదు' అని ఉండేది. ఆ పేజీక్కూడా నకలు తీయించుకునేవారు, మహానుభావులు! వాళ్ళు వాడి వదిలేశాక తెనాలిలో మస్తాన్ ప్రింటింగ్ కొట్టుకు వచ్చి పడ్డాను.

మస్తాన్ మంచివాడే. కాకపోతే మా వీధి కొట్లన్నిటికీ ఉన్న జబ్బు అతనికీ ఉంది. పని బాగా కుదిరితే ఒక కాపీ గాజు తలుపుకి అంటిస్తాడు. వచ్చినవాళ్ళు దాన్ని చూపించి "ఇదే వెయ్యి, పేరు మార్చు" అంటారు. శుభలేఖలకైతే సరే. నాంచారమ్మ గోంగూర పచ్చడి లేబులు కూడా అక్కడే అంటించాడు.

నాంచారమ్మ ఇంట్లో పచ్చడి పట్టి సీసాల్లో అమ్ముకుంటుంది. లేబులు మీద చనిపోయిన ఆమె అత్తగారి మొహం. రూపాయంత బొట్టు, పళ్ళు లేని నవ్వు. ఆ నవ్వు చూసే జనం సీసా అందుకుంటారు. ఆ మొహాన్ని తన పచ్చడి ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు కూడా చేయించుకుంది.

ఒకరోజు హోల్‌సేల్ వ్యాపారి వీరరాఘవులు వచ్చి తలుపు మీద లేబులు చూపించాడు.

"ఇదే కొట్టు. పేరూ ఫోన్ నంబరూ మాది పెట్టు. ముసల్దాని బొమ్మేగా, ఎవరిదైతే ఏంటంట?"

మస్తాన్ నీళ్ళు నమిలాడు. "ఆవిడ రిజిస్టరు చేయించిందండీ..."

"పేరు మారుస్తన్నాంగా! ఏడాది పొడుగునా నా పనంతా నీకే."

ఆ మాటకి పడిపోయాడు. లేబులు మీద పేరూ నంబరూ మార్చి, స్టిక్కరు కాగితాలు నాలో పెట్టి మీట నొక్కాడు.

నాకు ఒళ్ళు మండింది. మొదటి కాగితం సగం బయటికి తోసి బిగుసుకుపోయాను. లాగాడు, రాలేదు. నా డొక్కలో ఒక్కటి గుద్దాడు. "ఏం రోగమే నీకు!" అన్నాడు. రోగం నాదా, నాయనా?

అంతలో తన లేబుళ్ళ కోసం నాంచారమ్మ వచ్చింది. నా నోట్లోంచి వేలాడుతున్న కాగితం చూసింది. అత్తగారి మొహం, కింద వీరరాఘవులు పేరు. ఆమె కళ్ళు చెమర్చాయి.

"మా అత్త బతికుండగా ఒకళ్ళింట్లో పనికి పోయి ఎరగదు మస్తానూ. సచ్చినాక పంపిస్తన్నావా?"

మస్తాన్ వెళ్ళి తలుపు మీది లేబులు గోళ్ళతో గీకి పీకేశాడు.

"నేను వెయ్యనండీ. ఇంకో కొట్లో వేయించారంటే ఆవిడ తరఫున సాక్ష్యం చెప్పేది నేనే," అన్నాడు వీరరాఘవులుతో.

"చూస్తాగా!" అంటూ వీరరాఘవులు పోయాడు. ఏడాది పనీ అతనితోనే పోయింది.

ఇప్పుడు కొట్టు వెనక పాతసామాన్లలో ఉన్నాను. నా రోలరు అరిగిపోయిందనీ, అందుకే కాగితం ఇరుక్కుందనీ మెకానిక్ తేల్చాడు. తేల్చనీ. మరి వీరరాఘవులు పోయిన ఆ మధ్యాహ్నమే, అదే రోలరుతో, నాంచారమ్మ లేబుళ్ళు ఒక్కటీ నలక్కుండా వేసిచ్చాను. అదెలాగో చెప్పమనండి వాణ్ణి!