బొట్టు పెట్టిన సుత్తె

బోధన్‌లో చక్కెర కార్ఖానా గోడలు లేస్తున్న ఏడాది మా వైపు కర్ర ధరకు రెక్కలొచ్చాయి. దూలానికైనా చెరుకు బండికైనా టేకే కావాలి. టేకేమో సర్కారుది. అడవిలో చెట్టే కాదు, రైతు తన పట్టా చేనులో పెంచుకున్న చెట్టుకైనా అటవీ శాఖ జంగ్లాత్ వాళ్ల ముద్ర పడందే గొడ్డలి తగలకూడదు. "మా పిల్లకు వాళ్లు పేరు పెట్టుడేంది?" అని రైతులు సణిగేవారు. సణుగుతూనే ఆగేవారు, ముద్ర లేని మొద్దు తనిఖీ నాకా దాటదు మరి.

కోటగిరి అవతలి అడవిలో ఆ ముద్ర సుత్తె రామ్‌దాస్ నడుముకు వేలాడేది. పాతికేళ్లు నిండని జంగ్లాత్ జవాను. చెట్టు బెరడు చెక్కి, మొదలు దగ్గర ఒక దెబ్బ, ఛాతీ ఎత్తున ఒక దెబ్బ వేస్తే సుత్తె మొహం మీది అక్షరాలు కర్రలో దిగేవి. చెట్టు పోయినా మోడు సాక్ష్యం చెప్పాలి కదా! సుత్తె ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, లేకుంటే ఉద్యోగం ఊడుతుంది. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే తల్లి గంగుబాయి, వాడికి జీతం మొదలయ్యాకే రెండు పూటలా తింటోంది.

అలాంటివాడు దసరా ముందురోజు ఆ సుత్తెను కింద పెట్టాడు. తప్పే, కాదనను. కానీ ఎలా పెట్టకుండా ఉంటాడు? నవమి నాడు నరికేవాళ్లంతా గొడ్డళ్లు, రంపాలు కడిగి వరుసగా పేర్చి పూజ చేస్తారు. పూజలో ఉన్న పనిముట్టును మర్నాడు జమ్మి తెచ్చేదాకా ఎవరూ ముట్టరు. ఎంత దొంగవాడైనా దాని జోలికి పోడు. నరికేవాళ్ల పెద్ద భోజన్న, "సుత్తె గుడ పనిముట్టే గద బిడ్డా! దానికొక్కదానికే బొట్టు లేకుంటె ఎట్ల?" అన్నాడు. ఆయన భార్య భీమవ్వ సుత్తె మొహానికి పసుపు పూసి, నూనెలో కలిపిన కుంకుమ దిట్టంగా అద్దింది. రామ్‌దాస్ దండం పెట్టి నిశ్చింతగా తన గుడిసెకు వెళ్లాడు.

మర్నాడు జమ్మి పంచుకున్నాక సుత్తెను కళ్లకద్దుకుని నడుముకు చెక్కుకున్నాడు. కుంకుమ చెరిగినట్టుంది కానీ, ఎలుకల పనేమో అనుకున్నాడు.

ఆ తెల్లవారి నరుకుడు మొదలైంది. గుత్తేదారు రాజేశ్వర్ అందరినీ తిన్నగా వాగు ఒడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడ ఏడు ముసలి టేకులున్నాయి. చుట్టూ అడవి మళ్లీ మొలవాలంటే వాటి గింజ రాలాలి కాబట్టి, వాటిని ముట్టొద్దని పైనుంచి హుకుం. రామ్‌దాస్ వాటిపై ముద్ర వేయలేదు. కానీ ఏడింటి మీదా ముద్ర ఉంది!

"నీ సుత్తె ముద్రే గద జవాన్?" అని రాజేశ్వర్ నవ్వాడు. "కాదంటవా?"

కాదంటే సుత్తె ఎక్కడుందో చెప్పాలి. చెబితే ఉద్యోగం పోతుంది. రామ్‌దాస్ చెయ్యి నడుముకున్న సుత్తె మీదికి పోయింది. తల్లి ముఖం కళ్ల ముందు కదిలింది.

భోజన్న మొదటి చెట్టు దగ్గరికి నడిచాడు. ముద్ర గాడిలో వేలు పెట్టి తీశాడు. వేలు ఎర్రగా ఉంది. రెండో చెట్టుకు కాస్త పసుపు అంటింది. మిగతావి చూడలేదు. గొడ్డలిని నేల మీద పెట్టేశాడు.

"పూజల ఉన్న సామాను కదిలిచ్చిండ్రు సావుకారీ. దాంతోని కొట్టింది ముద్ర కాదు. ఈ సెట్లను మేం కొట్టం."

"ముద్ర సూసి నరుకుడే నీ పని! నరకకుంటె ఈ ఏడాది మీకు పనే లేదు. నాందేడ్ కెళ్లి మనుషులను తెస్త."

"తెచ్చుకో" అన్నాడు భోజన్న. ఆయన వెనక పద్నాలుగు గొడ్డళ్లు ఒకదాని తర్వాత ఒకటి నేలకు దిగాయి. వాళ్లందరి ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ గుత్త మీదే.

రామ్‌దాస్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. జీతం తినేవాడు మూగవాడై నిలబడితే, కూలివాడు తన కూడు కాలదన్నుకున్నాడు.

"ఆ ముద్ర నేను కొట్టలె" అన్నాడు గొంతు పెంచి. "సుత్తెను ఇడిసి పెట్టిన. తప్పు నాదే. పోయి అమీన్ సాబుకు నేనే చెప్త."

"ఒక్కనివే పోవుడెందుకు?" అంటూ భోజన్న తలపాగా సర్దుకున్నాడు. "సుత్తెకు బొట్టు పెట్టుమన్నది నేనేనాయె."

జంగ్లాత్ అధికారి అమీన్ సాబు మంచివాడని ఎవరూ అనరు, కానీ తూకం తెలిసినవాడు. వాగు ఒడ్డుకు స్వయంగా వచ్చి ఆ ఎరుపు చూశాడు. "నిజం చెప్పావు. సుత్తె వదిలావు. రెండూ రాస్తాను" అన్నాడు. ఏడు ముద్రలూ చెక్కి తీయించేసి, రాజేశ్వర్ గుత్త రద్దు చేశాడు. రామ్‌దాస్ ఉద్యోగం మిగిలింది కానీ, సుత్తె మాత్రం గుంజుకున్నాడు. ఏడాదిపాటు ఉత్త నడుముతో అడవి తిరిగాడు. గుత్త పోయాక భోజన్న మనుషులకూ పని పోయింది. ఆ చలికాలమంతా బోధన్ చేలల్లో చెరుకు కొట్టి బతికారు, ఆకు కోసి అరచేతులు చీరుకుపోయినా జవానును ఒక్క మాట అనలేదు.

మళ్లీ నవమి వచ్చింది. అంతకు వారం ముందే సుత్తె తిరిగి చేతికొచ్చిన రామ్‌దాస్ భోజన్న వాకిట్లోనే ఆగిపోయాడు.

"లోపలికి రా బిడ్డా."

"ఈసారి కింద పెట్టనే."

"ఎవలు పెట్టుమన్నరు?" అంటూ భీమవ్వ పళ్లెంతో ఎదురొచ్చింది. వాడి చేతిలో ఉండగానే సుత్తెకు బొట్టు పెట్టింది. ఆ తర్వాత దాన్ని పట్టుకున్న పిడికిలికీ పెట్టింది.

"జమ్మి తెచ్చేదాంక ఈడనే కూసో. అన్నం నేనే తినిపిస్త."

రామ్‌దాస్ గొడ్డళ్ల వరుస చివర, రంపం పక్కన, పిడికిలి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి భోజన్న కూడా వచ్చి పక్కనే చతికిలబడ్డాడు.