దేశానికి పెట్టిన పంట

మా మామగారికి మొక్కజొన్న చేను చేను కాదు, సరిహద్దు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక లేత పొత్తు విరిచానో లేదో, "అది తినడానికి కాదమ్మా, దేశానిది" అంటూ చేతిలోంచి లాక్కున్నారు. తిండి దగ్గర దేశమేమిటి, చాదస్తం కాకపోతే! నేను రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను.

అత్తగారు మాత్రం రెండు పొత్తులు కొంగున దాచి తెచ్చేవారు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడే, తిను" అని నవ్వేవారు. పెరట్లో కాల్చుకుని, చేతులు చురుక్కుమంటున్నా ఆగలేక తినేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఎక్కడైనా ఆ కమ్మటి వాసన వస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి.

ఆయన చాదస్తం వెనక కథ కూడా అత్తగారే చెప్పారు. మామగారు సైన్యంలో లారీ డ్రైవరు. యుద్ధం మధ్యలో బయటి దేశాలు చమురు ఆపేశాయట. గాయపడ్డ స్నేహితుణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో డీజిల్ అయిపోయింది. ఆ స్నేహితుడు లారీలోనే పోయాడు. అందుకే మొక్కజొన్నతో, పెట్రోల్లో కలిపే ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ రాగానే ఉన్న పొలమంతా అదే పంట వేశారు. "మన బండ్లు మన గింజతోనే నడవాలి. ఇంకొకడి ముందు చెయ్యి చాచకూడదు" అనేవారు.

నాకు నొప్పులొచ్చిన రోజు జోరువాన. మా ఆయన ఊళ్ళో లేరు. అంబులెన్సు వాగు అవతలే ఆగిపోయింది. ఇంట్లో ఉన్నది ఒక్క ట్రాక్టరు. దాని ట్రాలీ నిండా ఫ్యాక్టరీకి వెళ్ళాల్సిన గింజలు, పైన టార్పాలిన్. ఆ బరువుతో బండి బురదలో కదలదు. గింజ తడిస్తే ఫ్యాక్టరీ తీసుకోదు. నేను అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

మామగారు టార్పాలిన్ లాగేసి, ట్రాలీ ఎత్తి, ఏడాది పంటంతా వానలో కుమ్మరించారు.

"అయ్యో, పంటండీ!" అన్నారు అత్తగారు.

"ముందు పిల్లని ఎక్కించు!" అని అరిచారాయన.

ఇంట్లో ఎవరైనా చుక్క డీజిల్ ఒలికిస్తే తిట్టిపోసే మనిషి, ఆసుపత్రి గుమ్మంలో ఇంజను ఆపకుండా అలాగే సీటు మీద కూర్చుండిపోయారు. ఆ చప్పుడు లోపల నాకు వినపడుతూనే ఉంది. చివరికి అత్తగారు కిటికీలోంచి కేకేశారు.

"ఆడపిల్లండీ! ఇక బండి ఆపండి."

"కోడలెలా ఉంది? అది చెప్పు."

"బాగుంది. మంచినీళ్ళు అడుగుతోంది."

అప్పుడు ఇంజను ఆగింది. గోడ అవతల మామగారు వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది.